"అష్హదు అల్లా ఇలాహ..." లో మొదట వినబడే "అల్లా" అల్లా కాదు

పొద్దున గ్రూపులో ఒకాయన మంచి ప్రశ్న పెట్టారు. తిరుపతి బజార్లో అజా (నమాజుకి పిలిచే పిలుపు) వినిపిస్తుంటే "అష్హదు అల్లా ఇలాహ ఇల్లల్లాహ్" అన్నచోట అల్లా పేరు రెండుసార్లు ఎందుకొస్తుంది, నొక్కి చెప్పడానికా అని. కాదండీ, అది "అన్ లా". న్ పక్కన ల వచ్చేసరికి న్ కాస్తా ల్ అయిపోయింది, తత్ + లీనం తల్లీనం అయినట్టు. "అన్" అంటే అని, "లా" అంటే లేడు. చెవికి దేవుడి పేరులా తగిలేది నిజానికి "లేడు" అనే మాటన్నమాట! తెలుగు లిపిలో అచ్చేసేటప్పుడు "అల్లా ఇలాహ" అని కలిపి రాస్తారు, పలకడానికి అదే సరి, అర్థం వెతుక్కునేవాళ్ళకి మాత్రం తికమక.

విడగొడితే ఇదీ: అష్హదు (నేను సాక్ష్యమిస్తున్నాను), అన్ (అని), లా ఇలాహ (ఆరాధ్యుడెవడూ లేడు), ఇల్లల్లాహ్ (అల్లా తప్ప). దీని వెంటనే "అష్హదు అన్న ముహమ్మదర్ రసూలుల్లాహ్", ముహమ్మద్ అల్లా పంపిన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాను అని. ఈ రెండూ కలిపితే షహాదత్. ఇస్లాం ఐదు మూలస్తంభాల్లో మొదటిది ఇదే, నమాజు, జకాత్ (విధిగా ఇచ్చే దానం), రోజా (ఉపవాసం), హజ్ (మక్కా యాత్ర) అన్నీ దీని తర్వాతే.

"దేవుడొక్కడే అని సూటిగా రాస్తే పోదా, ఈ తిరగేసి చెప్పడమెందుకు?" అని ఇంకొకరు. ఇక్కడ కాస్త మక్కా సంగతి తెలియాలి. అక్కడివాళ్ళకి అల్లా కొత్త పేరేం కాదు. ప్రవక్త ముహమ్మద్ (స, అంటే ఆయనకి శాంతి కలగాలని) తండ్రి పేరే అబ్దుల్లా, అల్లా దాసుడని అర్థం, ఆయన ప్రవక్త పుట్టకముందే పోయారు. భూమ్యాకాశాలను చేసిందెవరని అడిగితే వాళ్ళు అల్లా అనే చెబుతారని ఖురానే అంటుంది (31:25). మిగతావాటిని ఎందుకు కొలుస్తున్నారంటే, అవి మమ్మల్ని అల్లాకి దగ్గర చేస్తాయని కొలుస్తున్నాం అంటారు (39:3). అంటే అల్లా ఉన్నాడా లేడా అన్నది అక్కడ గొడవే కాదు, మధ్యలో ఇంకెవరైనా ఉండొచ్చా అన్నదే గొడవ. "దేవుడొక్కడే" అంటే ఆ మక్కావాళ్ళు కూడా తలూపి ఊరుకునేవాళ్ళేమో గానీ "తప్ప లేడు" దగ్గరే పేచీ వచ్చింది. అందుకే నన్నడిగితే అనువాదంలో ఆ "తప్ప" ని తీసేయకూడదు, ఎంత నున్నగా చదివించాలనుకున్నా సరే. మన గురువులు నఫీ, ఇస్బాత్ అంటారు, ముందు కొట్టేయడం, ఆ తర్వాత నిలబెట్టడం.

దీనికంటే నాకు ముఖ్యమనిపించేది "అష్హదు". చాలా తెలుగు పుస్తకాల్లో దీన్ని మింగేసి "అల్లా తప్ప దేవుడు లేడు" అని సమాచారంలా రాసేస్తారు. చిన్నప్పుడు మసీదులో సాయంత్రం చదువుకి పోయినవాళ్ళకి గుర్తుంటుంది, హజ్రత్ (చదువు చెప్పే గురువు) ఒక్కో ముక్కా చెబుతుంటే పిల్లలంతా ఊగుతూ ఒకే రాగంలో "అవ్వల్ కల్మా తయ్యబ్, తయ్యబ్ మానే పాక్", తర్వాత "దూస్రా కల్మా షహాదత్, షహాదత్ మానే గవాహీ దేనా" అని అరిచేవాళ్ళం. (కల్మా అంటే విశ్వాసాన్ని చెప్పే వాక్యం. మొదటిది తయ్యబ్, అంటే పవిత్రమైనది, రెండోది షహాదత్, అంటే గవాహీ ఇవ్వడం.) గవాహీ, అంటే కోర్టులో బోనెక్కి చెప్పేదే. బోనెక్కినవాడు లోకంలో అందరికీ తెలిసిన సంగతే చెప్పినా, తనకి తెలియకుండా చెబితే అది దొంగ సాక్ష్యమే కదా.

ఖురాన్ 63వ సూరా (అధ్యాయం) మొదటి ఆయత్ (వాక్యం) చూడండి. కపటులు ప్రవక్త దగ్గరకొచ్చి, మీరు అల్లా ప్రవక్తేనని మేం సాక్ష్యమిస్తున్నాం అంటారు. మీరు ప్రవక్తేనని అల్లాకి తెలుసు, అయినా ఈ కపటులు అబద్ధాలాడుతున్నారని అల్లాయే సాక్ష్యమిస్తున్నాడు అని జవాబు. మాట నిజం, సాక్ష్యం అబద్ధం! ఈ ఆయత్ దగ్గర నేనెప్పుడూ ఆగిపోతాను.

అలాగని ఎదుటివాడి సాక్ష్యం దొంగదా కాదా అని తేల్చే పని మనది కాదు. యుద్ధంలో ఒకడు కత్తి కింద "లా ఇలాహ ఇల్లల్లాహ్" అన్నాక కూడా ప్రవక్త సహచరుడు ఉసామా బిన్ జైద్ అతన్ని చంపేశారు, భయంతో అన్నాడులే అని. అతని గుండె చీల్చి చూశావా అని ప్రవక్త (స) మళ్ళీ మళ్ళీ అడిగారని ప్రవక్త మాటల, చేతల సంకలనం సహీహ్ ముస్లింలో ఉంది. మతంలోకి వచ్చేవాళ్ళకి కూడా అర్థం తెలిసి, మనసారా నమ్మి ఇది చెప్పడమే అసలు, పేరు మార్చుకోవడం షరతేం కాదు.

షహాదత్ రెండో సగం గురించి గ్రూపులోనే ఒక అక్కయ్య అడిగారు, మనిషి పేరు చేర్చాక దేవుడు ఒక్కడే ఎలా అయ్యాడని. నమాజులో కూర్చుని చూపుడు వేలెత్తి చదివే చోట "అబ్దుహు వ రసూలుహు" అంటాం, ముందు ఆయన దాసుడు, తర్వాత ప్రవక్త. 632లో ప్రవక్త పోయినప్పుడు జనం నమ్మలేక అల్లాడుతుంటే ఆయన ఆప్త సహచరుడు అబూబక్ర్ లేచి, ముహమ్మద్‌ని ఆరాధించేవాళ్ళకి చెబుతున్నా ఆయన చనిపోయారు, అల్లాని ఆరాధించేవాళ్ళకి అల్లా బతికే ఉన్నాడు అన్నారు. ఇంతకన్నా బాగా నేను చెప్పలేను.

ఛందస్సు పిచ్చివాళ్ళ కోసం ఒకటి. "లా ఇలాహ ఇల్లల్లాహ్" నిరోష్ఠ్యం, పెదవులు కలవనక్కర్లేదు, పలికి చూడండి. అరబ్బీలో రాస్తే అలిఫ్, లామ్, హా మూడక్షరాలతోనే అయిపోతుంది, ఒక్క చుక్క కూడా ఉండదు. ప్రాణం పోయేవాళ్ళ పక్కన కూర్చుని మెల్లగా ఇది వినిపిస్తారు కదా, పెదవి కదలకపోయినా నాలుకతో అనేయొచ్చని మా పెద్దవాళ్ళనేవాళ్ళు. "ముహమ్మద్" లో మ ఉంది కాబట్టి రెండో సగానికి ఈ లెక్క కుదరదు.

జనాజా (పాడె) మోసుకుపోతూ ముందు ఒకరు "కల్మయే షహాదత్" అని కేకేస్తే వెనక అందరూ అందుకునేది కూడా ఈ "అష్హదు అల్లా ఇలాహ" నే. మదనపల్లె, పుంగనూరు వైపు పిల్లలకి కల్మాలు వేరే రాగంలో నేర్పిస్తారని విన్నాను, తెలిసినవాళ్ళుంటే కింద రాయండి.