రెప్పల ఆపరేషన్: పెళ్లికి పది వారాలే ఉంది, చేయించుకోవచ్చా?

గోదావరిగట్టు (ప్రశ్న):

నా వయసు 56 సంవత్సరాలు. రాజమహేంద్రవరంలో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు బోధిస్తున్నాను. నాలుగైదేళ్లుగా పై రెప్పల చర్మం సడలి రెప్పవెంట్రుకల మీదికి వాలుతోంది. ఎడమకన్ను కుడికన్ను కంటే చిన్నదిగా ఉందని, ఫొటోలు చూసినప్పుడల్లా ఇంట్లోవాళ్లు అంటున్నారు. సాయంత్రం జవాబుపత్రాలు దిద్దుతూ కూర్చుంటే నుదురు బరువెక్కి నొప్పి పుడుతుంది. కళ్ల కింద సంచులు ఉన్నాయి, వాటి చుట్టూ నలుపు కూడా ఉంది. హాయిగా నిద్రపోయి వెళ్లిన రోజున కూడా తరగతిలో పిల్లలు "నిద్ర పోలేదా మేడమ్?" అని అడుగుతున్నారు.

మా అమ్మాయి పెళ్లి పది వారాల్లో ఉంది. ఈ మధ్య హైదరాబాదులో ఒక సౌందర్య చికిత్సా కేంద్రానికి వెళ్తే, పై రెప్పలూ కింది రెప్పలూ ఒకే రోజు సరిచేస్తామనీ, గంటన్నర పని అనీ, మూడో రోజు నుంచి మామూలుగా తిరగవచ్చనీ చెప్పారు. కంటి పరీక్ష ఏదీ చేయలేదు. నాకు రక్తపోటు ఉంది. రెండేళ్ల కిందట గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఆస్పిరిన్ వాడుతున్నాను. ఆ సంగతి చెబితే "వారం ముందు మానేయండి, చాలు" అన్నారు. ఆ మాటే నాకు రుచించలేదు. నొప్పి ఎంత ఉంటుంది, మచ్చ కనిపిస్తుందా, కళ్లు పూర్తిగా మూసుకుంటాయా, నలుపు కూడా పోతుందా, ఆరోగ్య బీమా వర్తిస్తుందా అన్నవి నా సందేహాలు. చేయించుకున్నవారు, తెలిసినవారు దయచేసి చెప్పండి.

కనుపాప:

నేను కంటి వైద్యురాలిని. రెప్పల శస్త్రచికిత్సలే ఎక్కువగా చేస్తాను. మిమ్మల్ని చూడకుండా మీకు ఏ ఆపరేషన్ కావాలో చెప్పడం తగదు. అయితే ఏ పరీక్షలు జరగకుండా ఒప్పుకోకూడదో చెప్పగలను.

రెప్ప వాలడం అని మనం ఒకే మాటతో చెప్పేది మూడు చోట్ల నుంచి రావచ్చు. చర్మం సడలి మడత మీదుగా జారితే, అదనపు చర్మాన్ని తీసే బ్లెఫరోప్లాస్టీ సరిపోతుంది. రెప్పను పైకి ఎత్తే కండరం పట్టు వదిలితే రెప్ప అంచే కిందికి దిగుతుంది; దీన్ని టోసిస్ అంటారు. చర్మం ఎంత తీసినా ఇది తగ్గదు, ఆ కండరాన్నే బిగించాలి. ఇక కనుబొమ్మే కిందికి జారి రెప్ప మీద బరువు వేయడం మూడవది. మీ ఎడమకన్ను చిన్నదిగా ఉందన్నారు కనుక రెండవదాన్ని తప్పక చూడాలి. టార్చి వేసినప్పుడు నల్లగుడ్డు నడుమ మెరిసే చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా స్కేలుతో కొలుస్తారు. మామూలుగా అది 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. రెండు నిమిషాల్లో అయిపోయే ఈ కొలత తీసుకోకుండా ఆపరేషన్ తేదీ ఇచ్చారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఇందులో ఇంకొక చిక్కు ఉంది. రెండు రెప్పలకూ మెదడు ఒకే మోతాదులో ఆదేశం పంపుతుంది కాబట్టి, దిగిన రెప్పను ఎత్తడానికి అది అదనంగా శ్రమపడుతున్నంతకాలం బాగున్న రెండో కన్ను కూడా కాస్త విప్పారినట్లే ఉంటుంది. ఎడమ రెప్పను సరిచేయగానే కుడి రెప్ప దిగిపోయిందని రోగులు కంగారుపడేది అందుకే. ఈ సంగతి ముందే తెలుసుకోవడానికి ఎడమ రెప్పను వేలితో ఎత్తిపట్టి, కుడి రెప్ప ఏం చేస్తుందో చూస్తాం. మీ నుదుటి నొప్పికి కూడా నాకు తోచే కారణం దాదాపు ఇదే: రెప్పలు చేయవలసిన పనిని మీరు నుదుటి కండరాలతో చేయిస్తున్నట్లున్నారు.

రెప్ప దిగడం హఠాత్తుగా మొదలైనా, దానితో వస్తువులు రెండుగా కనిపించినా, ఒక కంటిపాప పెద్దదైనా, తీవ్రమైన తలనొప్పి వచ్చినా అది సౌందర్యానికి సంబంధించిన విషయం కాదు. ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. పొద్దున బాగుండి సాయంత్రానికి దిగిపోతూ ఉంటే మయస్తీనియా అనే కండరాల జబ్బు ఉందేమో పరీక్షించాలి.

కళ్లు మూసుకోవడం గురించి మీరు అడిగిన ప్రశ్నే అన్నిటికంటే ముఖ్యమైనది. కనుబొమ్మకూ రెప్పవెంట్రుకలకూ నడుమ సుమారు 20 మిల్లీమీటర్ల చర్మం మిగిలేలా చూసుకుంటాం. అంతకంటే బాగా తక్కువైతే నిద్రలో రెప్పలు కలవక కన్ను ఎండిపోతుంది. చర్మం తక్కువ తీస్తే మళ్లీ కొంచెం తీయవచ్చు గానీ, ఎక్కువ తీసినదాన్ని తిరిగి తేవడం కష్టం. కళ్లు ఇప్పటికే పొడిగా ఉంటే ఆపరేషన్ తరువాత ఆ బాధ పెరుగుతుంది కాబట్టి, కింది రెప్పలో చిన్న కాగితపు పట్టీ పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడి వచ్చిందో ముందే కొలవాలి.

ఆస్పిరిన్ విషయంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నాను. స్టెంటు ఉన్నవారు గుండె వైద్యుణ్ణి అడగకుండా ఒక్కరోజు కూడా ఆ మాత్ర మానకూడదు. ఆపాలా, కొనసాగిస్తూనే చేయాలా అన్నది ఆ వైద్యుడూ శస్త్రవైద్యుడూ మాట్లాడుకుని నిర్ణయించాలి. అయితే రక్తస్రావం భయం ఉత్తదేమీ కాదు. కంటిగుడ్డు వెనక రక్తం చేరి చూపునాడి మీద ఒత్తిడి పడటం చాలా అరుదు. కానీ అలా జరిగితే గంటల్లో చూపు పోవచ్చు. ఆపరేషన్ జరిగిన రోజు రాత్రి ఒక కంటిలో నొప్పి పెరుగుతూ, కన్ను ముందుకు ఉబ్బుతూ, చూపు మసకబారితే తెల్లవారే దాకా ఆగకూడదు. అందుకని, రాత్రిపూట ఫోను ఎత్తే వైద్యుడు ఎవరో తెలుసుకున్నాకే సంతకం పెట్టండి.

కంటి చుట్టూ నలుపు మాత్రం ఈ ఆపరేషన్‌తో పోదు. సంచి వల్ల పడే నీడ తగ్గుతుంది, చర్మంలోని రంగు అలాగే ఉంటుంది. కాస్త వేలితో సాగదీసి చూడండి: నలుపు తగ్గితే అది నీడ, చర్మంతో పాటే కదిలితే అది రంగు.

కృష్ణలంక:

నేను విజయవాడలో బ్యాంకు ఉద్యోగం చేసి విరమించాను, వయసు 63. రెండేళ్ల కిందట పై రెప్పలకు, కింది రెప్పలకు ఒకేసారి చేయించుకున్నాను. వైద్యురాలు గారు వివరంగా చెప్పారు కాబట్టి నేను రోజువారీ సంగతులే రాస్తాను.

రెప్పకు మత్తు ఇచ్చేటప్పుడు ఇంజెక్షన్ చురుక్కుమన్న మాట నిజం. ఆ తరువాత లాగినట్లు, తాకినట్లు తెలుస్తుంది తప్ప నొప్పి లేదు. రక్తనాళాలను కాల్చి మూసేటప్పుడు వచ్చే వాసన మాత్రం కొంచెం కలవరపెట్టింది. ఆ విషయం ఎవరూ ముందుగా చెప్పలేదు. ఇంటికి వచ్చాక నొప్పికి పారాసెటమాల్ సరిపోయింది. మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపూ గంటకు ఒకసారి పదిహేను నిమిషాలు చల్లని గుడ్డ పెట్టుకున్నాను, రెండు దిండ్లు వేసుకుని తల ఎత్తుగా పెట్టుకుని పడుకున్నాను. అయినా రెండో రోజు ముఖం చూసుకుంటే నాకే జాలి వేసింది. కళ్లు గీతల్లా ఉన్నాయి, కమిలిన రంగు బుగ్గల దాకా దిగింది. ఆరో రోజున కుట్లు తీశారు. పన్నెండో రోజుకు బజారుకు వెళ్లగలిగాను. కంట్లో వేసే ఆయింట్‌మెంటు వల్ల చూపు మసగ్గా ఉండేది కాబట్టి మొదటి వారం బండి నడపలేదు. రెండు వారాల పాటు బరువులు ఎత్తవద్దన్నారు, వంగి పని చేయవద్దన్నారు. పూజగదిలో వంగి దీపం వెలిగించడం కూడా మానుకున్నాను.

నా అసంతృప్తి ఒకటి ఉంది. ఎడమ కింది రెప్ప నాలుగు నెలల పాటు కొద్దిగా కిందికి లాగినట్లు ఉండి నీళ్లు కారేది. వాపు తగ్గితే సర్దుకుంటుందని అన్నారు, మసాజ్ చేయించారు, సర్దుకుంది కూడా. కానీ నా వయసులో కింది రెప్ప ఇప్పటికే వదులుగా ఉంటుందనీ, దాన్ని ముందుగా లాగి వదిలి ఎంత వేగంగా వెనక్కి వెళ్తుందో చూడాలనీ, వదులుగా ఉంటే అదే సమయంలో పక్క మూలను బిగించాలనీ తరువాత వేరే వైద్యుడు చెప్పారు. నాకు ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. పై రెప్పల విషయంలో మాత్రం నాకు పూర్తి సంతోషం. మచ్చ మడతలో కలిసిపోయింది, మూడు నెలల పాటు ఎర్రగా ఉండి ఆ తరువాత కనిపించలేదు. పెళ్లికి పది వారాలు పై రెప్పలకు సరిపోవచ్చు. కింది రెప్పలకు చాలదని నా అనుభవం.

లెక్కలమాస్టారు:

బీమా విషయం క్లుప్తంగా చెబుతాను. మన ఆరోగ్య బీమా పాలసీలలో ఎక్స్‌క్లూజన్ కోడ్ 08 అని ఉంటుంది; అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకి దాని ప్రకారం బీమా వర్తించదు. ప్రమాదం, కాలిన గాయం, క్యాన్సర్ తరువాత చేసే పునర్నిర్మాణం, వైద్యపరంగా అవసరమని వైద్యుడు ధ్రువీకరించిన చికిత్స దీనికి మినహాయింపులు. కాబట్టి రెప్ప చూపుకు అడ్డుపడుతోందంటే, ఆపరేషన్‌కు ముందే ఫొటోలు, చూపు విస్తీర్ణం చూపే పరీక్ష (ఒకసారి రెప్ప మామూలుగా ఉంచి, మరోసారి టేపుతో ఎత్తి చేసేది) దగ్గర పెట్టుకుని ముందస్తు అనుమతి అడగండి. తిరస్కరించవచ్చు; అడగడంలో నష్టం లేదు. అందం కోసమే అయితే వైద్యసేవలకు ఉన్న జీఎస్టీ మినహాయింపు వర్తించదు కనుక, చెప్పిన ధరలో పన్ను కలిసి ఉందో లేదో కాగితం మీద రాయించుకోండి.

వనస్థలిపురం:

నేను ఆపరేషన్ కోసమని వెళ్లి చేయించుకోకుండా తిరిగివచ్చాను. పొద్దున లేచేసరికి రెప్పలు ఉబ్బి, కళ్లు మిటకరించినట్లు ఉండేవి, వయసు అనుకున్నాను. పరీక్షించిన వైద్యుడు ముందు థైరాయిడ్ రక్తపరీక్ష రాశారు, అందులో తేడా తేలింది. ఆ జబ్బు కంటి మీద ప్రభావం చూపుతున్నంతకాలం రెప్పల పని చేయరనీ, నెలల తరబడి స్థిరంగా ఉన్నాకే ఆలోచిస్తారనీ చెప్పారు. ఇప్పుడు మందులు వాడుతున్నాను. వాపు చాలావరకు తగ్గింది.

గోదావరిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. గత వారం రెప్పల నిపుణులున్న ఒక కంటి ఆస్పత్రిలో చూపించుకున్నాను. మెరిసే చుక్క నుంచి రెప్ప అంచు దాకా తీసిన కొలత కుడికంటికి 4, ఎడమకంటికి 2 మిల్లీమీటర్లు వచ్చింది. అంటే ఎడమవైపు చర్మం ఒక్కటే కాదు, కండరం కూడా వదులైందట. వేలితో ఎడమ రెప్ప ఎత్తగానే కుడి రెప్ప కొంచెం దిగింది. వైద్యురాలు గారు ఇక్కడ రాసింది అద్దంలో నా కళ్లతో నేనే చూశాను. థైరాయిడ్ మామూలుగానే ఉంది. గుండె వైద్యుడు ఆస్పిరిన్ ఆపవద్దనీ, దాన్ని కొనసాగిస్తూనే చేయగలిగితే చేయమనీ రాసి ఇచ్చారు. చూపు పరీక్ష కాగితాలు బీమా సంస్థకు పంపాను, జవాబు రావలసి ఉంది. పెళ్లికి ముందు వద్దనుకున్నాను. వేసవి సెలవుల్లో పై రెప్పలు మాత్రమే చేయించుకుంటాను. కింది సంచులను ఇప్పటికి వదిలేస్తున్నాను. మా ఊళ్లో మే నెల ఎండలకు ఏమైనా ఇబ్బంది ఉంటుందా? కాటుక ఎప్పటి నుంచి పెట్టుకోవచ్చు?

కనుపాప:

మంచి నిర్ణయం. కండరం బిగించేటప్పుడు మధ్యలో మిమ్మల్ని కళ్లు తెరవమని, అవసరమైతే లేచి కూర్చోమని అడుగుతారు. రెండు రెప్పలూ సమంగా వచ్చాయో లేదో చూసుకోవడానికి. కాబట్టి పూర్తి మత్తు ఇవ్వకపోతే కంగారుపడకండి. వేసవి వల్ల మానడం ఆగదు గానీ, కొత్త మచ్చ మీద ఎండ పడితే నల్లబడుతుంది. ఎండలోకి వెళ్లవలసివస్తే పెద్ద నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి. కుట్లు తీశాక సన్‌స్క్రీన్ వాడవచ్చో లేదో మీ వైద్యుణ్ణి అడగండి. చెమట గాయంలోకి దిగకుండా మొదటి వారం చల్లని గదిలో ఉండగలిగితే మేలు. కాటుకకు రెండు వారాలు ఆగండి, అప్పుడు పాత డబ్బా పారేసి కొత్తది తెరవండి.