నానబెట్టిన మెంతులతో సుగర్ మరీ పడిపోతుందా?

మాది పర్లాకిమిడి. అమ్మ చెప్పిందని రోజూ పరగడుపున చెంచాడు నానిన మెంతులు నములుతున్నా. సుగర్ మాత్రా మానలేదు. నిన్న బజార్లో చేతులు వణికాయి, ఒళ్లంతా చెమట. ఇంటికొచ్చి చూస్తే మీటర్‌లో 62! చెమట కూడా అదోరకం తీపి వాసన.

జవాబు (గుణుపురం): వాసన మెంతులదే, కంగారొద్దు. 62కి మాత్రం భయపడాలి. మెంతుల్లోని జిగురు పీచు తిన్నది నెమ్మదిగా అరిగేలా చేస్తుంది, మాత్ర ఎలాగూ సుగర్ దించుతుంది. రెండూ కలిశాయేమో. మాత్ర మీరే ఆపేయకండి, మెంతుల సంగతి డాక్టరుకి చెప్పండి. జేబులో చక్కెర పొట్లం ఉంచుకోండి.

మరో జవాబు: మా అత్తగారు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడతారు, డాక్టరు నానిన మెంతులు మాన్పించారు. కడుపుతో ఉన్నవాళ్లకీ చెంచాలకొద్దీ వద్దు. పులుసు పోపులో చిటికెడంటారా, అది వేరు.

అడిగినవారు: డాక్టరు దగ్గరికి రేపే వెళ్తా. అమ్మకి ఎలా చెప్పాలో!