మద్యం ముట్టని నాన్నగారికి ఫ్యాటీ లివర్, బరువు తగ్గించే దారి చెప్పండి

నమస్కారం. మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నాన్నగారికి 54 ఏళ్లు, కిరాణా దుకాణం నడుపుతారు. ఎత్తు 165 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. కాళ్లూ చేతులూ సన్నమే, కొవ్వంతా పొట్ట చుట్టూనే. బెల్టుకు చివరి రంధ్రం కూడా చాలక మేకుతో ఇంకొకటి పొడిచారు.

గత నెల స్కానింగులో రెండో గ్రేడు ఫ్యాటీ లివర్ అని తేలింది. ఆయన ఏనాడూ మద్యం ముట్టలేదు. అయినా బంధువులొకరు "చాటుగా తాగుతున్నారేమో" అన్నారు. ఆ మాటకు నాన్నగారు రెండు రోజులు దుకాణం తెరవలేదు. పొట్టలోని కొవ్వు కాలేయానికి చేరుతుందని, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోతే అక్కడే పేరుకుంటుందని డాక్టరు ఓపికగా వివరించాకే కాస్త తేరుకున్నారు.

బరువులో 7 నుంచి 10 శాతం, అంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు నెమ్మదిగా తగ్గించమన్నారు. కానీ రెండు పూటలా అన్నం, గంటకో చక్కెర టీ, గల్లా దగ్గర మిక్చరు పొట్లం. మోకాళ్ల నొప్పితో ఎక్కువ నడవలేరు.

ఇలాంటి స్థితి నుంచి బయటపడినవారు ఏం తిన్నారు, ఏ వ్యాయామం చేశారు? రాత్రి అన్నం బదులు రాగిసంకటి పెడితే ప్రయోజనం ఉంటుందా? ఫైబ్రోస్కాన్‌కు (కాలేయం ఎంత గట్టిపడిందో చూసే పరీక్ష) విశాఖపట్నం వెళ్లక తప్పదా, బరంపురంలో దొరుకుతుందా? పాతపట్నం వైపు ఒకాయన కాలేయానికి పసరు ఇస్తానంటున్నారు. నాకు భయంగా ఉంది, అమ్మకు నమ్మకంగా ఉంది. ఆమెకు ఎలా నచ్చజెప్పాలో కూడా చెప్పండి.