పేక మిగిలిందా, పేకే మిగిలిందా?

(నలుగురి సంభాషణ; మాట్లాడేవారి పేర్లకు బదులు వారి చోట్ల పేర్లు.)

సత్యనారాయణపురం: నెల రోజులుగా ఒక వాక్యం నన్ను వదలడం లేదు. మా బెజవాడ నవలా రచయిత ఒకరి ఉత్తరాలు ఒక గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. ఇంటివారికి రాసినవి ఒక కట్ట, ప్రచురణకర్తలకు రాసినవి ఇంకో కట్ట. కుటుంబం అనుమతి రానిదే పేరు చెప్పలేను. రెండో కట్టలోని కార్డులో "పడుగు అచ్చుకెక్కింది, పేకే మిగిలింది" అని చదివినట్టు గుర్తు. పడుగంటే మగ్గం మీది నిలువు పోగులు, పేకంటే అడ్డంగా నేసే పోగు. "పేక మిగిలింది" అని ఉందేమోనని ఇప్పుడు అనుమానం. ట్యాగు కోసం పొడిచిన చిల్లు సరిగ్గా ఆ 'క' నెత్తిన పడింది. తలకట్టో, ఏత్వమో తెలియదు.

బ్రాడీపేట: 'పేకే'. సందేహం అక్కర్లేదు. సగం నవల అచ్చుకు వెళ్లింది, ఫారాలు తయారవుతున్నాయి, మిగతా సగమే రాయాలని ప్రచురణకర్తకు ధైర్యం చెబుతున్నారు.

మంగళగిరి: అచ్చు అనగానే మీకు ముద్రణ గుర్తొచ్చింది. మా ఇంట్లో అచ్చు అంటే మగ్గం మీదిది, పడుగు పోగులు ఒక్కొక్కటిగా దూరేది. మా అమ్మ బూడిద అద్దుకున్న వేళ్లతో కొత్త పోగును పాత పోగుకు మెలిపెట్టి అతికేది. పొద్దుటి నుంచి కూర్చుంటే చీకటి పడేది. పడుగు అచ్చుకెక్కిందంటే అసలు నేత అప్పుడే మొదలు. చీరంతా నేయాల్సి ఉండగా 'పేకే' అని తేలిగ్గా ఎవరంటారు? 'పేక మిగిలింది', అంతే.

గవర్నరుపేట: ఇద్దరూ 'మిగిలింది'ని వదిలేశారు. నూలు మిగిలిందని కూడా అంటాం కదా! పుస్తకం అచ్చయింది, చెప్పవలసింది ఇంకా లోపల మిగిలింది. 'క' అయితేనే ఈ అర్థం వస్తుంది. అన్నట్టు, వేయిపడగలు పేరులో పడుగు ధ్వనిస్తుందని నా నమ్మకం.

బ్రాడీపేట: పడగ వేరు, పడుగు వేరు. పీవీ హిందీలోకి తెస్తూ 'సహస్రఫణ్' అన్నారు.

గవర్నరుపేట: అది అనువాదకుడి నిర్ణయం. ధ్వనిని అనువాదంతో కొలవకండి. విశ్వనాథ ఆ నవలను ఆశువుగా చెప్పుకుపోయారు, పక్కన కూర్చున్నవారు రాసుకున్నారు. అలా చెప్పే మనిషికి పడుగు ముందు, పేక తర్వాత అని ఉంటుందా?

బ్రాడీపేట: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతిని బాపిరాజు 'నారాయణరావు'తో పంచుకున్న నవల అది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే నేత అంటే ఏమిటో తెలుస్తుంది. నా మట్టుకు బాపిరాజు వాక్యమే మెత్తన.

గవర్నరుపేట: మెత్తదనం సరే. నావంటి శిష్యుడున్న భోగం నన్నయకూ లేదు, తిక్కనకూ లేదని గురువు చెళ్లపిళ్లవారి గురించి చెప్పగల గుండె విశ్వనాథకు తప్ప ఇంకెవరికి ఉంది?

మంగళగిరి: అడిగినవారికి జవాబు రాలేదు. అమ్మా, కార్డు మొదట్లో ఏమని ఉంది?

సత్యనారాయణపురం: చిరునామా మీద తపాలా ముద్ర పరుచుకుపోయింది, పేరు తెలియదు. లోపల మొదటి పంక్తిలో 'చి.సౌ.' అని మాత్రం స్పష్టంగా ఉంది.

మంగళగిరి: ప్రచురణకర్తను 'చి.సౌ.' అంటారా? అది కూతురికో కోడలికో రాసిన కార్డు. 'అచ్చు' చూసి ఎవరో ఆ కట్టలో చేర్చారు. వెంటనే గ్రంథాలయం వారికి చెప్పండి.

సత్యనారాయణపురం: నాకు ఒళ్లు జలదరించింది. సోమవారం భూతద్దం తీసుకుని వెళ్తాను.

బ్రాడీపేట: కూతురికైతే మరీ 'పేకే'. బిడ్డ దగ్గర ఏ తండ్రీ బరువు చెప్పుకోడు.

గవర్నరుపేట: బిడ్డ దగ్గర కాకపోతే ఇంకెవరి దగ్గర చెప్పుకుంటాడు? 'పేక'.