మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్లన్నీ ఒకే కంపెనీ కొనుక్కుంటూ పోతే ఊళ్లకు మంచిదేనా?

టల్సా బాబాయ్:
మా ఊరి జట్టు టల్సా డ్రిల్లర్స్‌ని డైమండ్ బేస్‌బాల్ హోల్డింగ్స్ కొన్నప్పటి నుంచి ఈ చర్చ పెట్టాలనుకుంటున్నా. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు: అమెరికాలో మేజర్ లీగ్ జట్లు 30, వాటికి ఆటగాళ్లను తయారుచేసే మైనర్ లీగ్ జట్లు 120. 2021లో ఎండీవర్ అనే వినోద కంపెనీ ఈ డైమండ్ సంస్థను పెట్టి జట్లు కొనడం మొదలుపెట్టింది. ఆటగాళ్ల ఏజెంట్ల వ్యాపారం కూడా ఎండీవర్‌దే కాబట్టి ఆటగాళ్ల యూనియన్ గట్టిగా అభ్యంతరం చెప్పింది, దాంతో 2022లో సిల్వర్ లేక్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేశారు. అప్పట్లో ఎండీవర్‌లో అతిపెద్ద వాటాదారు ఆ సిల్వర్ లేకే! ఇప్పుడు 120లో 40కి పైగా జట్లు వీళ్లవే.

ఇది ఊళ్లకు ప్రమాదమని నా గట్టి నమ్మకం. మిసిసిపీ బ్రేవ్స్ సంగతి చూడండి, 2005లో పెర్ల్‌లో ఆ జట్టు కోసమే ట్రస్ట్‌మార్క్ పార్క్ కట్టారు, 2024 సీజన్ అవగానే జట్టును జార్జియాలోని కొలంబస్‌కు తీసుకెళ్లిపోయి పేరు కూడా మార్చేశారు. అక్కడి నగరం ఎప్పుడో 1926 నాటి స్టేడియాన్ని కోట్ల డాలర్లు పోసి బాగుచేయించింది.

లెక్కల మాస్టారు:
బాబాయ్ గారూ, తప్పు ఒక్క డైమండ్ మీదే వేస్తే ఎలా? 2020 తర్వాత 160 జట్లను 120కి కుదించింది మేజర్ లీగ్. మిగిలినవాళ్లకు పదేళ్ల లైసెన్సు ఇచ్చి, లైట్లు, డ్రెస్సింగ్ రూములు, మహిళా సిబ్బందికి విడిగా గదులు అన్నీ కొత్త ప్రమాణాల ప్రకారం ఉండాలని షరతు పెట్టింది కూడా వాళ్లే. ఒక కుటుంబం నడుపుకునే చిన్న జట్టుకు అంత ఖర్చు తట్టుకునే శక్తి ఎక్కడిది? నార్త్ కరోలినాలోని కిన్‌స్టన్‌లో స్టేడియం 1949 నాటిది. అక్కడి జట్టు టెక్సాస్ రేంజర్స్ అనే మేజర్ లీగ్ జట్టు సొంతం, వాళ్లే అమ్ముకున్నారు, డైమండ్ కొని సౌత్ కరోలినాలోని స్పార్టన్‌బర్గ్‌లో కొత్త స్టేడియానికి మార్చింది. 40 జట్లకు కలిపి టికెట్ల సాఫ్ట్‌వేర్, టోపీలు, స్పాన్సర్లు మాట్లాడుకుంటే ఖర్చు తగ్గుతుంది, అది మామూలు వ్యాపారం.

ఆఫ్ స్పిన్:
నాకు బేస్‌బాల్ కొత్త, ఒక డౌట్. ఐపీఎల్‌లో ఒకే ఓనరుకు రెండు జట్లుంటే ఊరుకుంటారా? ఇక్కడ టల్సా, విచిటా రెండూ ఒకే లీగ్‌లో ఆడతాయి, రెండూ వీళ్లవే అంటున్నారు. మ్యాచ్ మీద నమ్మకం ఎలా ఉంటుంది?

లెక్కల మాస్టారు:
మంచి ప్రశ్న తమ్ముడూ. ఇక్కడ ఆటగాడు, కోచ్ ఇద్దరికీ జీతమిచ్చేది పైనున్న మేజర్ లీగ్ జట్టే. ఎవరిని ఆడించాలో, ఎవరిని పైకి పిలవాలో నిర్ణయించేదీ వాళ్లే. స్థానిక ఓనరు చేతిలో ఉండేది టికెట్లు, తిండి, బీరు, ప్రకటనలు. 2023లో యూనియన్ ఒప్పందంతో ట్రిపుల్-ఎ (మైనర్ లీగ్‌లో అన్నిటికంటే పై స్థాయి) ఆటగాడి కనీస జీతం ఏడాదికి 17,500 నుంచి 35,800 డాలర్లకు పెరిగినా ఆ భారం డైమండ్ మీద పడలేదు. కాబట్టి ఫలితాలు తారుమారు చేస్తే వాళ్లకు ఒరిగేదేమీ ఉండదు.

అయోవా అక్క:
ఆట సంగతి సరే, ఉద్యోగుల మాటేంటి? అయోవా కబ్స్‌ని డైమండ్‌కు అమ్మినప్పుడు పాత ఓనరు మైకేల్ గార్ట్‌నర్, భాగస్వాములు కలిసి 23 మంది పూర్తికాలం ఉద్యోగులకు 6 లక్షల డాలర్లు పంచారు, పనిచేసిన ఒక్కో ఏడాదికి 2,000 చొప్పున. ఎందుకంటే వాళ్లంతా ఆయనకు పేరుపేరునా తెలుసు. పెట్టుబడి సంస్థ కొన్నేళ్లు ఉంచుకుని పెరిగిన ధరకు అమ్ముకోవడానికే కొంటుంది, అలాంటి చోట ఈ బంధం ఎవరు చూస్తారు?

ఆఫ్ స్పిన్:
మన దేశం నుంచి వెళ్లిన రింకూ సింగ్ (క్రికెటర్ కాదు, బేస్‌బాల్ పిచర్) ఆడిన వెస్ట్ వర్జీనియా పవర్ జట్టు కూడా 160ని 120 చేసిన ఆ కోతలోనే పోయిందట, ఇప్పుడే చూశాను. బాధేసింది.

టల్సా బాబాయ్:
మాస్టారూ, మేజర్ లీగ్ పాపం నేను కాదనడం లేదు. 1922లో సుప్రీంకోర్టు బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య చట్టం నుంచి మినహాయింపు ఇచ్చింది, దాని అండతోనే ఇదంతా నడుస్తోంది. కోతపడ్డ జట్లలో కొన్ని కోర్టుకెక్కినా 2023లో రాజీ పడ్డాయి, అసలు ప్రశ్న తేలనే లేదు. నా భయం బేరం దగ్గర. ఒక ఊరికి ఉండేది ఒక్క జట్టు, ఎదురుగా కూర్చున్న కంపెనీకి 40. ఏ నగరం ఎంత ఇచ్చింది, లీజులో ఎక్కడ తగ్గింది అన్నీ ఆ కంపెనీ దగ్గర ఉంటాయి, మేయరుకేమో జట్టు పోతే ఓట్లు పోతాయన్న టెన్షన్. అలాంటప్పుడు పన్ను కట్టేవాడి తరఫున గట్టిగా మాట్లాడేదెవరు? పెర్ల్‌కీ కిన్‌స్టన్‌కీ చివరికి ఫ్రాంటియర్ లీగ్ జట్లు వచ్చాయి, సంతోషమే, కానీ ఆ లీగ్ జట్లు ఏ మేజర్ లీగ్ జట్టుకూ అనుబంధం కావు, రేపటి స్టార్లను ముందే చూసే అవకాశం పోయినట్టేగా.

వేరే దారి లేదని మాత్రం అనకండి. 1957లో రోచెస్టర్‌లో 8 వేల మందికి పైగా జనం వాటాలు కొని జట్టును నిలబెట్టుకున్నారు. టలీడోలో జట్టు కౌంటీ చేతిలోనే ఉంది.

లెక్కల మాస్టారు:
సిరక్యూస్‌లోనూ జనం వాటాలతోనే నడిచింది, చివరికి న్యూయార్క్ మెట్స్‌కు అమ్ముకోక తప్పలేదు. ప్రతి ఊరూ రోచెస్టర్ కాలేదు.

టల్సా బాబాయ్:
సరే, కొనలేకపోతే కనీసం లీజులో రాయించుకోవాలి. స్టేడియం కోసం నగరం చేసిన బాండ్ల అప్పు తీరేదాకా జట్టు కదలకూడదు, కదిలితే మిగిలిన అప్పు కంపెనీ కట్టాలి, జట్టును అమ్మేటప్పుడు ముందు కొనే అవకాశం నగరానికే ఇవ్వాలి. ఈ మూడూ ఒప్పుకోని కంపెనీకి పన్నుల డబ్బుతో స్టేడియం బాగుచేసి ఇవ్వమంటే నేను ఒప్పుకోను. మీరైతే వీటిలో దేన్ని వదులుకుంటారో చెప్పండి మాస్టారూ.