ఎన్‌జీఎల్‌వీ డబ్బు: ఇస్రోకా, కంపెనీలకా?

పులికాట్_తీరం:
కేబినెట్ 2024 సెప్టెంబరులో ఎన్‌జీఎల్‌వీ అనే కొత్త తరం భారీ రాకెట్‌కు రూ.8,240 కోట్లు, 2025 జనవరిలో శ్రీహరికోట మూడో లాంచ్‌ప్యాడ్‌కు రూ.3,984.86 కోట్లు మంజూరు చేసింది. ఇదంతా ఇస్రోకే ఎందుకు? నాసా 2006లో అంతరిక్ష కేంద్రానికి సరకు రవాణాకు సీఓటీఎస్ అనే పథకం పెట్టి, మైలురాయి దాటితేనే కంపెనీలకు చెల్లించింది. వాటిలో ఒకటైన రాకెట్‌ప్లేన్ కిస్లర్ సొంత పెట్టుబడి తేలేకపోతే 2007లో ఒప్పందం రద్దు చేసింది. పోయింది 3.2 కోట్ల డాలర్లే.

క్రయో_దశ:
అక్కడ కంపెనీల వెనక పెట్టుబడి ఉంది గనక నడిచింది. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022లో ఎగరేసిన విక్రమ్-ఎస్ రాకెట్ 89 కిలోమీటర్ల ఎత్తుకెళ్లింది, కక్ష్యకు కాదు. 30 టన్నులను దిగువ కక్ష్యకు మోసే రాకెట్‌కు టెండరు పిలిస్తే ఎవరు వేస్తారండీ? ఇక లాంచ్‌ప్యాడ్‌ను ఈ లెక్కలోకి లాగకండి. ఇస్రో పెద్ద రాకెట్లు ఎల్‌వీఎం3, జీఎస్‌ఎల్‌వీ రెండూ రెండో ప్యాడ్ నుంచే లేస్తాయి. 2016 సెప్టెంబరులో అమెరికాలోని కేప్ కెనావరల్‌లో ఫాల్కన్ 9 రాకెట్ ప్యాడ్ మీదే పేలితే, ఆ ప్యాడ్ మళ్లీ పనిలోకి రావడానికి 15 నెలలు పట్టింది. ఇక్కడ అలా జరిగితే ఎల్‌వీఎం3 మీద వెళ్లాల్సిన గగన్‌యాన్ ఆగిపోతుంది.

పద్దుల_లెక్క:
డబ్బు ఎవరికన్నది తర్వాత, ఇచ్చింది ఖర్చవుతోందా చూడండి. 2022-23లో అంతరిక్ష శాఖకు కేటాయింపు రూ.13,700 కోట్లు. సవరించిన అంచనా రూ.10,530 కోట్లకు దిగింది. అసలు ఇరుకు ఇంజిన్ పరీక్షల దగ్గరుంది. కిరోసిన్, ద్రవ ఆక్సిజన్‌తో మండే సెమీక్రయో ఇంజిన్‌కు 2008లోనే రూ.1,798 కోట్లు మంజూరయ్యాయి. 2023 జులైలో ఇస్రో పరీక్షా కేంద్రం మహేంద్రగిరిలో 4.5 సెకన్లు మండించాలనుకున్న పరీక్షను, టర్బైన్ పీడనం ఉన్నట్టుండి పెరగడంతో 1.9 సెకన్లకే ఆపేశారు. 2025 మార్చిలో 2.5 సెకన్ల పరీక్ష నెగ్గింది, అదీ థ్రస్ట్ చాంబర్ (ఇంధనం మండి తోపు పుట్టే భాగం) లేకుండా. ఎన్‌జీఎల్‌వీ గడువు 96 నెలలు, మీథేన్ ఇంజిన్ కొత్తది. మొదటి విడత డబ్బు ఇంజిన్‌కు, పరీక్షా స్టాండుకు వెళ్లాలి. ఆ ఇంజిన్ పూర్తి వ్యవధి మండాకే ప్రయోగాల డబ్బు విడుదల చేయాలి.

పులికాట్_తీరం:
ప్యాడ్ విషయం ఒప్పుకుంటున్నా. దాని గడువు 48 నెలలే, రాకెట్ కంటే ముందే సిద్ధమై ఎల్‌వీఎం3కి పనికొస్తుంది. విడతల పద్ధతి ఇస్రోకు కూడా పెడితే నా అభ్యంతరం సగం తీరినట్టే.

క్రయో_దశ:
విడతలు సరే గానీ, ట్యాంకుల రింగులు, ఫోర్జింగులు (అచ్చొత్తి చేసే లోహ భాగాలు) చాలా ముందే ఆర్డరు పెట్టాలి. ఇంజిన్ పాసయ్యేదాకా వాటినీ ఆపితే, మొదటి ప్రయోగం ఇంకా వెనక్కి జరుగుతుంది. ఆ కొనుగోళ్లను విడతల నుంచి మినహాయించండి.