మరిచిపోయిన మనిషికి చావు కబురు మళ్ళీ మళ్ళీ చెప్పాలా?

కావలి కోడలు:
మా అత్తమ్మకు అల్జీమర్స్ అని డాక్టరు తేల్చారు. మామయ్య పోయిన సంగతి ఆమెకు నిలవడం లేదు. రోజూ దీపాలు పెట్టే వేళకు వాకిట్లోకొచ్చి “మీ మామ ఇంకా రాలేదేందే? నీళ్ళు కట్టడానికి పోయినాడా?” అని అడుగుతుంది. మా ఆయన “అవునమ్మా, వస్తాడు” అంటారు. ఆడపడుచు ఫోన్లో మాత్రం “అమ్మకు అబద్ధాలు చెప్పొద్దు. నాన్న పోయాడని చెప్పండి, చెప్పగా చెప్పగా గుర్తుంటుంది” అంటుంది. చెబితే అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. ఏది న్యాయం? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఇందుకూరుపేట మాస్టారు:
నిజమే చెప్పాలమ్మా. మా అక్కకూ ఇదే జబ్బన్నారు. నిన్న తిన్న కూర చెప్పలేదు గానీ, 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానుకు మా కొట్టం పైకప్పు ఎట్టా లేచిపోయిందో, ఎవరింట్లో తలదాచుకున్నామో పూసగుచ్చినట్టు చెప్పేది. అంత జ్ఞాపకం ఉన్న మనిషిని పసిబిడ్డను చేసి మభ్యపెట్టడం పాపం. మనసు పెట్టి చెబితే ఎక్కుతుంది.

వేదాయపాళెం చదువరి:
మాస్టారూ, నేను సైకాలజీ చదువుతున్నాను. పాతవి మిగిలి కొత్తవి ముందు పోవడం ఈ జబ్బు తీరే. ఫ్రాన్సులో రిబో అనే మనస్తత్వవేత్త 1881లోనే ఈ సంగతి రాశాడు. కొత్త సంగతిని జ్ఞాపకంగా నిలబెట్టడానికి మెదడులో హిప్పోకాంపస్ అనే భాగం కావాలి. అల్జీమర్స్‌లో ముందుగా దెబ్బతినే వాటిలో అదొకటి.

అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకు మూర్ఛలు తగ్గించడానికి 1953లో ఆపరేషన్ చేసి, రెండు వైపులా ఆ భాగంలో చాలామటుకు తీసేశారు. అప్పుడాయనకు 27 ఏళ్ళు. 2008లో చనిపోయేదాకా కొత్త మనుషులు, కొత్త కబుర్లు ఆయనకు నిలవలేదు. కానీ బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త అద్దంలో చూస్తూ నక్షత్రం గీత వెంట పెన్సిల్ నడపమంటే, రోజు రోజుకూ బాగా గీశాడు. నిన్న గీసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. చేతికి పని పట్టుబడుతుంది, కబురు నిలవదు. కాబట్టి “చెప్పగా చెప్పగా గుర్తుంటుంది” అనే మాట మీద ఆశ పెట్టుకోకండి అక్కా.

ఒంగోలు శీను:
డాక్టరునే అడగొచ్చు కదా, ఇక్కడ ఎందుకు?

ఇందుకూరుపేట మాస్టారు:
పుస్తకాల్లో అమెరికా వాళ్ళ సంగతి చదివి మా ఇళ్ళల్లో ముసలివాళ్ళను కొలవొద్దమ్మా. గట్టిగా తగిలిన సంగతి ఎవరూ మరిచిపోరు. సునామీ రోజు నాకు ఇప్పుడు కళ్ళ ముందు ఉంది. నాలుగో తరగతికి భాగాహారం చెబుతున్నాను. మైపాడు నుంచి జనం పరుగెత్తుకొచ్చారు. సుద్దముక్క పడేసి పిల్లకాయలను బయటికి తోలాను. నల్లబల్ల మీద లెక్క సగంలో ఉంది. మొగుడి చావు అంతకంటే చిన్నదా?

వేదాయపాళెం చదువరి:
2004 డిసెంబరు 26 ఆదివారం మాస్టారూ.

ఒంగోలు శీను:
అవును, ఆదివారమే. మా ఇంట్లో టీవీ ముందున్నాం.

ఇందుకూరుపేట మాస్టారు:
అయితే ఏంది? మేము ఆదివారాలు కూడా స్పెషల్ క్లాసులు పెట్టేవాళ్ళం. సర్వీసంతా చాక్‌పీస్ పట్టినవాణ్ణి, నా బడి సంగతి నాకు తెలియదా?

వేదాయపాళెం చదువరి:
నాలుగో తరగతికి స్పెషల్ క్లాసా? మిమ్మల్ని తప్పు పట్టడం లేదండీ. ఇది అందరికీ జరిగేదే. 1986 జనవరిలో చాలెంజర్ అంతరిక్ష నౌక పేలిపోయినప్పుడు, ఆ వార్త ఎక్కడ విన్నారో, ఎవరు చెప్పారో ఒక యూనివర్సిటీలో విద్యార్థుల చేత మరునాడే రాయించి పెట్టారు. రెండేళ్ళు దాటాక మళ్ళీ అడిగితే నాలుగో వంతు మంది ముఖ్యమైన వివరాలన్నీ తప్పు చెప్పారు. తప్పు చెప్పినవాళ్ళలో చాలామందికి తమ మాట మీద గట్టి నమ్మకం. వాళ్ళ చేతిరాతే చూపించినా అసలు జ్ఞాపకం తిరిగి రాలేదు. తలుచుకున్న ప్రతిసారీ మెదడు సంగతిని మళ్ళీ కట్టుకుంటుంది. అట్టా కట్టేటప్పుడు వేరే రోజు ముక్క వచ్చి ఇందులో చేరుతుంది.

ఇందుకూరుపేట మాస్టారు:
అంటే నేను అబద్ధం చెబుతున్నానా? జనం రావడం అబద్ధమా? లెక్క అబద్ధమా?

గూడూరు నర్సు:
ఆదివారం సంగతి పక్కన పెట్టండి సార్. కోడలమ్మా, మీ అత్తమ్మ నాలుగైదు రోజుల్లోనే బాగా తికమక పడితే ఆలస్యం చేయకుండా చూపించండి. వయసు మళ్ళినవాళ్ళకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినా, ఒంట్లో నీరు తగ్గినా మతి తప్పినట్టు అయిపోతారు. బి12 విటమిన్, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించండి. చీకటి పడేటప్పుడు ఈ జబ్బు మనుషులకు కంగారు ఎక్కువవడం మా వార్డులో రోజూ చూస్తాం. దీపాల వేళకంటే ముందే ఇంట్లో లైట్లు బాగా వేసి ఉంచండి.

ఇందుకూరుపేట మాస్టారు:
నా ఆదివారం తప్పయితే నా మాటే తప్పంటారు. మా అక్కకు ఇదే జరిగింది. డాక్టరు చీటీ మీద మతిమరుపు అని రాసిన రోజు నుంచి ఇంట్లో ఆమె మాటకు విలువ లేదు. “అన్నం పెట్టలేదు” అంటే “నీకు గుర్తులేదులే, తిన్నావు” అన్నారు. నేను పోయి చూస్తే పొద్దుటి నుంచి పొయ్యి వెలిగించలేదు, గిన్నెలు బోర్లించి ఉన్నాయి. చెరువు కింద ఎకరం తాను ఎవరికీ రాసివ్వలేదని చెప్పుకున్నా వినలేదు. కాగితం మీద మాత్రం ఆమె వేలిముద్ర ఉంది. మాటకు పనికిరాని మతి వేలిముద్రకు ఎట్టా పనికొచ్చింది? మీ అమెరికా పుస్తకంలో దీనికి సమాధానం ఉందా?

ఒకసారి అబద్ధం చెప్పడం మొదలుపెడితే ఇంటిల్లిపాదికీ అలవాటవుతుంది. ముందు మొగుడి సంగతి, తర్వాత అన్నం సంగతి, తర్వాత పొలం. అందుకే నిజం చెప్పమంటున్నాను.

కందుకూరు ప్లీడరు:
మాస్టారు గారూ, 1872 కాంట్రాక్టు చట్టం 12వ సెక్షన్ చూడండి. ఒప్పందం రాసే సమయానికి దాన్ని అర్థం చేసుకుని, తన మంచిచెడ్డలు ఆలోచించుకునే స్థితి మనిషికి ఉండాలి. చీటీ ఉన్నంత మాత్రాన మాట చెల్లకుండా పోదు, వేలిముద్ర ఉన్నంత మాత్రాన కాగితమూ నిలవదు. వైద్యం కాగితాలన్నీ తీసుకుని మీ ఊళ్ళో వకీలును కలవండి.

వేదాయపాళెం చదువరి:
మీ అక్కకు జరిగింది అన్యాయం మాస్టారూ. వివరాలు మారిపోతాయని చెప్పాను గానీ, ఆకలి వేస్తోందన్న మాటను నమ్మొద్దని చెప్పలేదు.

కోడలి ప్రశ్నకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 2010లో అయోవా యూనివర్సిటీ వాళ్ళు హిప్పోకాంపస్ దెబ్బతిన్నవాళ్ళకు ఏడుపు తెప్పించే సినిమా ముక్కలు చూపించారు. కాసేపటికి ఏం చూశారో మరిచిపోయారు, దిగులు మాత్రం పోలేదు. 2014లో అల్జీమర్స్ ఉన్నవాళ్ళతో చేసినా అంతే. కబురు పోయినా దుఃఖం ఉంటుంది. ఎందుకు ఏడుస్తున్నారో వాళ్ళకే తెలియదు.

ఇందుకూరుపేట మాస్టారు:
దుఃఖం ఆమె హక్కు. కట్టుకున్నవాడి కోసం ఏడవకుండా చేయడానికి మనమెవరం?

కావలి కోడలు:
హక్కు అంటున్నారు. ఒకసారి మా ఇంటికి సాయంత్రం పూట రండి మాస్టారూ. ఆడపడుచు మాట విని చెప్పాను. ఆమె తాళిబొట్టు కోసం మెడ తడుముకుంది, “నాకెందుకు చెప్పలేదే, చివరి చూపు కూడా లేకుండా చేశారే” అని నా చేతులు పట్టుకుంది. ఆయన పోయినప్పుడు తల దగ్గర కూర్చుంది ఆమే. కాసేపటికి ఆ మాటలు పోయాయి, కానీ ఆ రాత్రి అన్నం ముట్టలేదు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. మరునాడు మళ్ళీ వాకిట్లోకొచ్చింది. మళ్ళీ చెప్పమంటారా?

మా ఆయన ఇంటికి చేరేది రాత్రికి. ఆడపడుచు ఉండేది బెంగళూరులో. ఫోన్ పెట్టేస్తే ఆమె వంతు అయిపోయింది. ఇంట్లో ఉండేది నేను. నిజం చెప్పాలనేవాళ్ళు ఆ రాత్రి అన్నం కలిపి పెట్టడానికి కూడా ఉండాలి. నిజమా అబద్ధమా అని అడిగాను గానీ, నా బాధ ఇది.

గూడూరు నర్సు:
వస్తాడనీ అనొద్దు, పోయాడనీ అనొద్దమ్మా. “మామయ్య గుర్తొచ్చాడా అత్తమ్మా, ఏ పొలానికి నీళ్ళు కట్టేవాడు?” అని అడిగి చూడండి. మా దగ్గర చాలామంది దానికి కుదుటపడతారు.

ఇందుకూరుపేట మాస్టారు:
అదీ దాటవేయడమే. అయినా అన్నం పెట్టేది నువ్వు కాబట్టి నీ మీద ఒత్తిడి పెట్టనులే అమ్మా. పొలం కాగితాలు ఏవైనా ఉంటే మాత్రం ఆమె చేతికి ఇంకు అంటనివ్వొద్దు.

కావలి కోడలు:
నిన్న నర్సక్క చెప్పినట్టు అడిగాను. పాతబావి కింద చేను, మోటకు కట్టిన ఎద్దుల పేర్లు, ఏ ఎద్దు మొరాయించేదో అన్నీ చెప్పింది. నిజమో కాదో నాకు తెలియదు. అన్నం తింది. ఆడపడుచుకు కూడా చెప్పాను, పండక్కి వచ్చి కొన్నాళ్ళు ఉండమని. చెప్పాల్సింది ఏదైనా ఉంటే దగ్గరుండి ఆమే చెప్పుకోవాలి. “సెలవు దొరకదు” అంటోంది.